దుక్కి లోతులో చరిత్ర

1992 నవంబరు 16. తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో హాక్సన్ అనే పల్లె. అక్కడి రైతు ఒకాయన పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. ఆయన స్నేహితుడు ఎరిక్ లాస్ తోటపని చేసి రిటైరైన మనిషి, ఆయన దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. సుత్తి కోసం ఆ డిటెక్టర్‌తో పొలమంతా వెతుకుతుంటే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు బయటపడటం మొదలైంది. కొన్ని తీశాక లాస్ తవ్వడం ఆపేశాడు. అధికారులకు కబురు వెళ్లింది. మర్నాడే పురావస్తు బృందం వచ్చి మిగిలినదాన్ని ఒక్కరోజులో జాగ్రత్తగా బయటికి తీసింది. లెక్కపెడితే రోమన్ కాలపు బంగారు, వెండి నాణేలే దాదాపు 15,000 తేలాయి. సామాను ఏది ఎక్కడ ఉందో చెదరకుండా దొరికింది కాబట్టి, ఎప్పుడో కుళ్లిపోయిన చెక్కపెట్టెలో దేని పక్కన దేన్ని సర్దారో కూడా నిపుణులు చెప్పగలిగారు. సుత్తి కూడా దొరికింది. ఆ నాణేలతో పాటు అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

తొలకరి దుక్కిలో నాగలికి తగిలిన కుండ, వాన వెలిశాక చేలో తళుక్కుమన్న నాణెం వంటి కబుర్లు మన ఊళ్లలోనూ కొత్త కాదు. లంకెబిందెల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అయితే కథ చెప్పేవాళ్లు ఎక్కువగా అడగని ప్రశ్నలు రెండున్నాయి. ఇల్లూ వాకిలీ లేని పంట పొలం నడిమధ్యలో నాణెం ఎందుకుంటుంది? కర్ర చివర తగిలించిన ఒక పళ్లెం, మట్టిని తాకకుండానే దాన్ని ఎలా కనిపెడుతుంది?

నాణెం పొలానికి వచ్చిన దారులు

తేలికైన దారి పారేసుకోవడం. రొంటిన దోపుకున్న డబ్బు నాట్ల దగ్గరో కోతల దగ్గరో జారిపోతుంది. సంతకు వెళ్లే కాలిబాట పక్కన, పశువులు నీళ్లు తాగే రేవు దగ్గర, జాతర జరిగిన మైదానంలో ఇలా జారినవి వందల ఏళ్లలో చాలా పోగుపడతాయి.

రెండో దారి ఎరువు. పాత రోజుల్లో ఇంటి ఊడ్పులు, పొయ్యి బూడిద, పశువుల పేడ అన్నీ ఒకే పెంటకుప్పలో పడేవి. ఇంట్లో జారిన చిల్లర, తెగిన బొత్తాం, విరిగిన ఉంగరం కూడా వాటితోనే చేనికి చేరేవి. ఇంగ్లండ్ పొలాల్లో విడివిడిగా దొరికే మధ్యయుగపు చిన్న వస్తువుల్లో చాలావాటికి ఇదే కారణమని అక్కడి పరిశోధకులు చెబుతారు. మన దగ్గర దీనికి ఇంకో రూపం ఉంది. ఒకప్పుడు ఊరుండి పాడుబడిన చోటును పాటిదిబ్బ అనో పాటిగడ్డ అనో పిలుస్తాం. వందల ఏళ్ల బూడిద, ఎముకలు, చెత్త కలిసిన ఆ మన్ను పైరుకు బలమని రైతులు బండ్లకొద్దీ తోలుకుపోయి పొలాల్లో చల్లారు. ఆ మన్నుతో పాటు పూసలు, పెంకులు, సీసపు నాణేలు కూడా ఊరి దిబ్బ నుంచి మైలు దూరంలోని చేలోకి వెళ్లాయి. కాబట్టి చేలో దొరికిన ప్రతి పాత నాణెమూ అక్కడ పూర్వం ఊరుండేదని రుజువు కాదు.

మూడోది దాచిపెట్టడం. బ్యాంకులు లేని కాలంలో భూమే ఇనప్పెట్టె. దాచినవాళ్లు యుద్ధంలోనో రోగంతోనో చనిపోయి, చోటు తెలిసిన మనిషి మిగలకపోతే ఆ కుండ అక్కడే ఉండిపోతుంది.

నేల మీద పడ్డ నాణెం లోపలికి వెళ్లడానికి మనుషులు తవ్వి పూడ్చనక్కర్లేదు, వానపాములు చాలు. అవి కింది మట్టిని తిని పైకి తెచ్చి కుప్పలు పెడుతూ ఉంటే, పైనున్న వస్తువు ఏటా కొద్ది మిల్లీమీటర్ల చొప్పున దిగిపోతుంది. పరిణామ సిద్ధాంతంతో పేరుపడ్డ చార్లెస్ డార్విన్ చివరి పుస్తకం, 1881లో వచ్చింది, ఈ వానపాముల గురించే. అందులో ఆయన ఒక విషయం స్పష్టంగా చెప్పాడు. పాత కట్టడాలు, నాణేలు భద్రంగా మిగిలినందుకు పురావస్తు పరిశోధకులు వానపాములకు రుణపడి ఉండాలన్నాడు.

ఆ తర్వాత నాగలి వస్తుంది. ఎడ్ల నాగలి కన్నా ట్రాక్టరు నాగలి లోతుకు దిగుతుంది, మట్టిని 20 నుంచి 30 సెంటీమీటర్ల దాకా తిరగేస్తుంది. ఈ పొరలో ఉన్నదేదైనా ఏటా కిందా మీదా అవుతూ, పక్కకు జరుగుతూ, నాగటికర్రు దెబ్బలు తింటూ ఉంటుంది. రసాయన ఎరువుల లవణాలు లోహాన్ని తినేస్తాయి కూడా. ఈ పొరకు కింద ఉన్నది మాత్రం దాచిన రోజున ఏది ఎక్కడ ఉందో దాదాపు అక్కడే ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే విషయాలన్నీ ఈ దుక్కి లోతు గీత దగ్గరికే వస్తాయి.

తాకకుండా తెలుసుకునే విద్య

డిటెక్టర్ పళ్లెంలో రాగితీగ చుట్టలు రెండుంటాయి. మొదటి చుట్టలో కరెంటు సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. దాంతో చుట్ట చుట్టూ పుట్టిన అయస్కాంత క్షేత్రం కూడా అదే వేగంతో తిరగబడుతూ నేలలోకి వెళుతుంది. మట్టికీ రాళ్లకీ దాని వల్ల పెద్దగా ఏమీ కాదు. లోహం ఉంటే మాత్రం, మారుతున్న ఆ క్షేత్రం లోహం లోపల చిన్నచిన్న కరెంటు సుడులను పుట్టిస్తుంది. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కేది ఈ సుడుల వల్లే. స్టవ్‌లో అవి బలంగా ఉండి వేడి పుట్టిస్తాయి, నేలలోని నాణెంలో మాత్రం ఏమాత్రం వేడి తెలియనంత బలహీనంగా ఉంటాయి. ఎంత బలహీనమైనా కరెంటు సుడి తిరిగిన చోట దాని సొంత అయస్కాంత క్షేత్రం పుట్టక తప్పదు. నాణెం నుంచి పైకి వచ్చే ఆ చిన్న క్షేత్రాన్ని పసిగట్టడమే రెండో చుట్ట పని.

ఇక్కడొక చిక్కుంది. మొదటి చుట్ట క్షేత్రం రెండో చుట్టకు అంగుళాల దూరంలోనే ఉంది, నాణెం నుంచి వచ్చే దానికన్నా ఎన్నో వేల రెట్లు బలమైనది. అందుకని రెండు చుట్టలనూ ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా అమరుస్తారు. రెండో చుట్టలో ఒక సగం గుండా క్షేత్రం ఒక దిశలో పోతే, మిగతా సగం గుండా ఎదురు దిశలో పోతుంది. రెండూ సరిగ్గా కొట్టుకుపోయి రెండో చుట్టలో ఏమీ మిగలదు. లోహం దగ్గరికొస్తే ఈ తూకం చెడుతుంది. ఆ చెడినంత మేరే యంత్రానికి వినిపిస్తుంది.

ఈ తూకం పద్ధతిని ప్రాణం కాపాడేందుకు వాడి చూసినవాడు టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుపట్టలేదు. బెల్ తన యంత్రంతో వచ్చి వెతికాడు. అయితే పరుపులోని ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని కంగారుపెట్టాయి. పైగా తూటా కుడివైపే ఉందని నమ్మిన పెద్ద వైద్యుడు ఎడమవైపు సరిగా వెతకనివ్వలేదు. తూటా ఎడమవైపు ఉందని మరణానంతర పరీక్షలో తేలింది. యంత్రం పనిచేసేదే, వెతికే చోటే తప్పు. పొలాల్లో డిటెక్టర్ పట్టుకున్న వాళ్లకు ఇప్పటికీ ఎదురయ్యే చిక్కులు ఈ రెండే: చుట్టుపక్కల ఇనుము, వెతికేవాడి ముందస్తు నమ్మకం.

ఏ లోహమో ఎలా చెబుతుంది?

ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది, కింద లోహం ఉందని చెప్పడం కాదు, తవ్వకముందే అది ఏ తరహా లోహమో అంచనా వేయడం. దీనికి ఆధారం ఆలస్యం. క్షేత్రం దిశ మారిన వెంటనే లోహంలోని సుడి కూడా దిశ మార్చుకోవాలి. కరెంటు ధారాళంగా పారే లోహంలో సుడి ఒకసారి తిరగడం మొదలైతే త్వరగా ఆగదు, అందుకని క్షేత్రం వెనక కాస్త ఆలస్యంగా నడుస్తుంది. పల్చటి రేకులో సుడి పుట్టీ పుట్టగానే చచ్చిపోతుంది, కాబట్టి ఆలస్యం తక్కువ. ఎడ్లు అడుగేయగానే ఖాళీ బండి కదులుతుంది, వడ్ల బస్తాలు వేసిన బండి ఆలస్యంగా కదిలి ఆలస్యంగా ఆగుతుంది. బండి తీరు చూసే బరువు ఊహించినట్టు, ఈ ఆలస్యం చూసి యంత్రం లోహాన్ని ఊహిస్తుంది. ఆ అంచనాను తెర మీద ఒక అంకెగా, లేదా చెవిలో సన్నని గొంతుగానో బండ గొంతుగానో చెబుతుంది.

బాక్స్: ఏ లోహం ఎలా పలుకుతుంది?

వెండి: కరెంటును అన్ని లోహాల కన్నా బాగా పారనిస్తుంది. మందమైన వెండి నాణెం ఆలస్యం ఎక్కువ, అంకె పెద్దది. రాగి దాని వెంటే ఉంటుంది.

బంగారం: లోహంగా మంచి వాహకమే. ఉంగరాలూ ముక్కుపుడకలూ చిన్నవి, పల్చటివి, పైగా వేరే లోహం కలిసినవి. అందుకే వాటి అంకె నడిమిలో పడుతుంది. కూల్‌డ్రింకు డబ్బా మూత చెవి, సిగరెట్ పెట్టె రేకు కూడా అక్కడే పలుకుతాయి. బంగారాన్ని మాత్రమే పట్టే యంత్రమని ఎవరైనా అమ్మజూపితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సీసం: రాగితో పోలిస్తే పన్నెండో వంతుకు అటూఇటూ వాహకత. మన శాతవాహనుల నాణేల్లో సీసంవి చాలా ఎక్కువ. అంటే రెండువేల ఏళ్ల నాటి నాణెం, నిన్నమొన్నటి చెత్తముక్క డిటెక్టర్‌కు ఒకేలా వినిపించే అవకాశం ఉంది.

ఇనుము: దీని తీరే వేరు. సుడులు పుట్టడమే కాకుండా తానే అయస్కాంతంలా క్షేత్రాన్ని లాక్కుంటుంది. ఆ తేడాతో యంత్రం మేకుల్ని వదిలేయగలదు. కానీ వాషరు వంటి వెడల్పాటి ఇనుప బిళ్ల మంచి లోహంలా పలికి మోసం చేస్తుంది.

నేల పెట్టే గొడవ

మట్టికి ఏమీ కాదని పైన అన్నాను కానీ అన్ని మట్టులూ ఒకటి కాదు. దక్కను నల్లరేగడి ఎక్కువగా లావా రాయి నుంచి పుట్టింది, అందులో అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజపు రేణువులుంటాయి. ఎర్రనేలల ఎరుపే ఇనుము. ఇలాంటి నేలంతా కలిసి ఇచ్చే స్పందన, అందులో పూడుకున్న ఒక్క నాణెం స్పందన కన్నా ఎంతో పెద్దది. దీన్ని వేరు చేయడానికి రెండు ఉపాయాలున్నాయి. నేలలోని ఖనిజం దాదాపు ఆలస్యం లేకుండా స్పందిస్తుంది కాబట్టి, ఆ తరహా స్పందనను యంత్రం తీసివేసి చూస్తుంది. ఇక రెండోది, పళ్లెం ఊపుతున్నప్పుడు నేల స్పందన నెమ్మదిగా మారుతుంది, నాణెం మీదుగా వెళ్లినప్పుడు మాత్రం ఒక్కసారిగా లేచి పడుతుంది. డిటెక్టర్‌ను ఒకచోట నిలిపి ఉంచకుండా అటూ ఇటూ ఊపుతూనే ఉండటానికి కారణం ఇదే.

జానెడు లోతు

లోతు సంగతికి వస్తే ప్రకృతి చాలా కఠినంగా ఉంటుంది. పళ్లెం నుంచి బయల్దేరిన క్షేత్రం దూరంతో వేగంగా బలహీనపడుతుంది. నాణెం దగ్గర పుట్టిన చిన్న క్షేత్రం పైకి వచ్చేటప్పుడు మళ్లీ అలాగే బలహీనపడుతుంది. రానూపోనూ రెండుసార్లు నష్టం. పళ్లెం వెడల్పును దాటిన దూరాల్లో, లోతు రెట్టింపైతే అందే స్పందన సగం కాదు, నాలుగో వంతూ కాదు, 64వ వంతుకు పడిపోతుంది. యంత్రం శక్తి పెంచితే నేల గొడవ కూడా పెరుగుతుంది. అందుకే ఎంత ఖరీదైన డిటెక్టరైనా రూపాయి బిళ్లంత నాణేన్ని మామూలు నేలలో జానెడు లోతుకు అటూఇటూ పట్టగలదు, అంతే. కుండెడు నాణేలైతే మరికాస్త లోతున ఉన్నా దొరుకుతాయి. గుడి పునాదుల కింద ఇరవై అడుగుల లోతున నిధి ఉందని, కిలోమీటరు దూరం నుంచే బాణం చూపే యంత్రం తమ దగ్గరుందని చెప్పి గుప్తనిధుల ముఠాలు పల్లెల్లో తిరుగుతుంటాయి. వాటి మాట నమ్మి నందుల్ని పెకలించి, శివాలయాల గర్భగుళ్లు తవ్విన వార్తలు మన పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఆ యంత్రాలు చేస్తామనే పనికి భౌతికశాస్త్రంలో చోటు లేదు. విరిగిన నందిని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

జానెడు అంటే ఇంచుమించు 22 సెంటీమీటర్లు. దుక్కి లోతు 20 నుంచి 30. అంటే డిటెక్టర్ విని తీయగల విడి నాణేల్లో చాలాభాగం నాగలి ముందే కదిపేసినవే. వాటిని తీస్తే పోయేది తక్కువ, తీయకపోతే ఎరువులూ నాగలీ వాటిని అరగదీస్తాయి. ఈ లెక్క మీదే ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ అభిరుచిని నిషేధించకుండా దారిలో పెట్టారు. 1997 నుంచి అక్కడ పొలాల్లో దొరికిన వస్తువుల్ని స్వచ్ఛందంగా నమోదు చేసే పథకం నడుస్తోంది, ఇప్పటిదాకా 15 లక్షలకు పైగా వస్తువులు అందులోకి ఎక్కాయి. చిక్కంతా స్పందన దుక్కి కిందనుంచి వచ్చినప్పుడే.

ఫ్రోమ్ కుండ ఏం చెప్పింది

2010 ఏప్రిల్‌లో నైరుతి ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ పట్టణం దగ్గర ఒక పొలంలో డిటెక్టర్ పలికింది. వెతుకుతున్న వ్యక్తి తవ్వాడు. మూరెడు లోతు కూడా వెళ్లకముందే చేతికి మట్టితో పాటు చిన్న కంచు నాణేలు, కుండ పెంకు వచ్చాయి. కింద మొత్తం కుండే ఉందని ఆయనకు అర్థమైంది. అక్కడితో ఆపి, గుంట పూడ్చేసి, నిపుణులకు ఫోన్ చేశాడు. ఈ ఒక్క నిర్ణయం లేకపోతే ఈ ఉపశీర్షిక కింద రాయడానికి ఏమీ ఉండేది కాదు.

కుండ ఎత్తు 60 సెంటీమీటర్లు. లోపల 52,503 రోమన్ నాణేలు, బరువు 160 కిలోలు. పురావస్తు బృందం కుండను ఎత్తబోలేదు, గుంటలోనే ఉంచి పైనుంచి కిందికి పొరలు పొరలుగా నాణేలు తీసి, ఏ పొరవి ఆ పొర సంచిలో వేసి చీటీ కట్టింది. ఆ నాణేల్లో 700కు పైగా కరౌసియస్ అనే పాలకుడివి. రోమ్ మీద తిరగబడి 286 నుంచి 293 దాకా బ్రిటన్‌ను ఏలినవాడు ఇతను. కుండలోని నాణేల్లో బాగా కొత్తవి ఇతని కాలానివే. ఎవరైనా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దాచుకుని ఉంటే కొత్త నాణేలు పైన ఉండాలి. సంచుల చీటీలు చూస్తే కరౌసియస్ నాణేల్లో ఎక్కువ భాగం కుండ సగానికి కిందే ఉన్నాయి! అంటే కుండ నింపింది ఏళ్ల పాటు కాదు, ఒకే విడతలో, పెద్ద సంచుల నుంచి ఒక్కొక్కటిగా గుమ్మరించారు. అంత పల్చటి కుండ 160 కిలోలతో ఎత్తితే పగిలిపోతుంది, కాబట్టి ముందు ఖాళీ కుండను గుంటలో దింపి తర్వాత నింపారు. అత్యవసరానికి దాచుకున్న డబ్బయితే మళ్లీ తీసుకోవడానికి వీలుగా చిన్న కుండల్లో పెట్టుకునేవారు కదా. బహుశా ఇది దేవతకు ఊరంతా కలిసి ఇచ్చిన మొక్కుబడి కావచ్చని బ్రిటిష్ మ్యూజియం నాణేల నిపుణులు ఒక వాదన చేశారు. వాదన ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. కానీ అసలు వాదించుకోవడానికి వీలైంది ఏ నాణెం ఏ పొరలో ఉందో తెలుసు కాబట్టే. అవే 52,503 నాణేల్ని బకెట్లలో ఎత్తుకొచ్చి ఉంటే, మిగిలేది కంచు బరువు మాత్రమే.

దుక్కిలో చెదిరినవి కూడా చెబుతాయి

నాగలి కదిపేసిన పొరలో సమాచారం పూర్తిగా పోతుందనుకుంటే పొరపాటు. నాగలి నాణేన్ని కొన్ని అడుగులో గజాలో జరుపుతుంది కానీ పొలం దాటించదు. ఎక్కడ ఏది దొరికిందో పటం మీద చుక్కలు పెడితే తీరు కనిపిస్తుంది.

1485లో బాస్‌వర్త్ యుద్ధంలో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ చనిపోయాడు. ఆ యుద్ధం ఒక గుట్ట మీద జరిగిందని తరతరాలుగా నమ్మారు, అక్కడే సందర్శకుల కేంద్రం కట్టారు. 2005 నుంచి కొన్నేళ్ల పాటు పరిశోధకులు చుట్టుపక్కల పొలాల్ని డిటెక్టర్లతో వరసలు వరసలుగా గాలించారు. గుట్ట మీద యుద్ధం జాడే లేదు. అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో, మామూలు పంట చేలలో ముప్పైకి పైగా సీసపు తుపాకి గుండ్లు, ఫిరంగి గుండ్లు దొరికాయి. రిచర్డ్ అనుచరులు ధరించే అడవిపంది బొమ్మ ఉన్న చిన్న వెండి బిళ్ల కూడా వాటి సమీపంలోనే దొరికింది. ఇందులో ఒక్క వస్తువుకూ పెద్ద ధర పలకదు. అన్నీ కలిసి ఒక దేశం తన చరిత్రలోని ముఖ్యమైన యుద్ధ స్థలాన్ని సరిదిద్దుకునేలా చేశాయి.

మన దగ్గర గోదావరి ఒడ్డున కోటిలింగాలది ఇలాంటి కథే, డిటెక్టర్ లేకుండా. అక్కడి దిబ్బ మీద వానలకు తేలిన నాణేలు స్థానికుల చేతికి దొరికాయి. 1970లలో శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి లోకానికి చెప్పారు. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుని నాణేలు వాటిలో ఉన్నాయి. శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణలోనే పడ్డాయనే వాదనకు అవి పెద్ద బలం. ఆ నాణేలు ఏ నగల దుకాణం నుంచో ఊరూపేరూ లేకుండా వచ్చి ఉంటే ఈ వాదనకు ఆధారం ఉండేది కాదు, ఎందుకంటే అక్కడ ముఖ్యమైనది నాణెం మీది పేరు ఒక్కటే కాదు, అది కోటిలింగాలలో దొరకడం.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2015లో ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్‌షైర్‌లో ఇద్దరు డిటెక్టర్ వేటగాళ్లకు వైకింగుల కాలపు నిధి దొరికింది. వాళ్లు చెప్పకుండా అమ్ముకున్నారు. 2019లో జైలుకు వెళ్లారు. దాదాపు 300 నాణేలుంటాయని అంచనా వేస్తే, ఎక్కువ భాగం ఇప్పటికీ చేతికి రాలేదు. దొరికిన కొద్దిపాటి నాణేల్లో కొన్నింటి మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చున్న బొమ్మ ఉంది. అప్పటి ఇంగ్లండ్‌లో ఒక రాజ్యాన్ని ఏలిన ఆల్‌ఫ్రెడ్, పొరుగు రాజ్యపు రాజు కెయోల్‌వుల్ఫ్ ఇద్దరూ ఇదే రకం వేయించారు. ఆల్‌ఫ్రెడ్ వైపు రాతగాళ్లు ఆ పొరుగు రాజును చులకన చేసి రాశారు, నాణేలేమో ఇద్దరూ జతగా నడిచారని చెబుతున్నాయి. మిగతా నాణేలు ఇంకేం చెప్పేవో తెలుసుకునే దారి వాటిని దొంగచాటుగా పంచుకున్న రోజునే మూసుకుపోయింది.

ధర ఎవరు కడతారు?

ఇక్కడ చట్టానికీ పాత్ర ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి చట్టం కింద నిధి అని తేలితే, మ్యూజియం దాన్ని మార్కెట్ ధర చెల్లించి కొంటుంది, సాధారణంగా ఆ సొమ్మును దొరికినవారూ పొలం యజమానీ పంచుకుంటారు. ఫ్రోమ్ కుండకు 3,20,250 పౌండ్లు కట్టారు. మన 1878 నాటి నిధుల చట్టంలో ప్రభుత్వం నిధిని తీసుకుంటే లోహం విలువకు అందులో ఐదో వంతు కలిపి ఇస్తుంది. సీసపు నాణేనికి ఈ లెక్కన వచ్చేది ఏముంటుంది? నిజాయితీగా తెచ్చి ఇచ్చిన కూలీకి చిల్లర, చాటుగా కంసాలికిచ్చి కరిగించినవాడికి అంతకన్నా ఎక్కువ. నూట నలభై ఏళ్లు దాటిన ఈ లెక్కను మార్చాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. చరిత్ర విలువను కలిపి ధర కట్టే రోజు వస్తే, కరగబోయే నాణేల్లో ఎన్నో మ్యూజియం దారి పడతాయి.

బాక్స్: మీ పొలంలో పాత నాణెం బయటపడితే

దొరికిన చోట తవ్వడం ఆపండి. పక్కన కుండ పెంకు, ఇటుక, బూడిద కనిపిస్తే వాటినీ కదపకండి. ఫోన్‌లో ఆ చోటు ఫొటో, లొకేషన్ తీసి పెట్టుకోండి, ఎంత లోతున ఉందో రాసుకోండి.

చింతపండుతో తోమకండి, సబ్బు, నిమ్మకాయ వద్దు. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చే పులుపు, నాణెం మీది అక్షరాల్ని ఆకుపచ్చ పొరతో పాటే ఎత్తుకుపోతుంది. మట్టితోనే కాగితంలో చుట్టి పెట్టండి.

పాత వస్తువుల కోసం అనుమతి లేకుండా తవ్వడం మన దేశంలో నేరం. దున్నుతుంటేనో పునాది తీస్తుంటేనో అనుకోకుండా దొరకడం నేరం కాదు, దాచడమే నేరం. నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తహసీల్దారు కార్యాలయంలో గానీ, దగ్గరి పురావస్తు శాఖ మ్యూజియంలో గానీ అడిగితే ఎలా రాయాలో చెబుతారు. ఆ కాగితంలో ఏం దొరికింది, ఎంత దొరికింది, ఏ తేదీన దొరికింది అనే వివరాలతో పాటు ఏ చోట దొరికిందో కూడా రాయాలని 1878 నాటి ఆ చట్టమే అడుగుతోంది. సర్వే నంబరుతో, గట్టు నుంచి ఎన్ని అడుగులో కొలిచి మరీ రాయండి.